చేబదులు

సెప్టెంబరు ఆఖరు. బాతులు వెళ్ళిపోయాయి.
కస్కొక్విమ్ ఏటి పక్క గడ్డి మీద
మంచుకి ఇంకా నిలవడం చేతకావడం లేదు,
పొద్దున పడి పది గంటలకల్లా తడైపోతోంది.
మత్రోనా అమ్మమ్మ రబ్బరు బూట్లు తొడుక్కుని
టండ్రా మీద చూపులేనిదానిలా నడుస్తోంది.
ఆమె వెతికేది పాదాలతో.

"ఒక్కచోట నేల లోపలికి దిగుతుంది,
నెలల పిల్ల మాడులాగా.
అక్కడ ఆగు. అరవకు."

కొక్కెం కర్రతో నాచుని చాపలా ఎత్తింది.
కింద ఎలుక గాదె.
వేసవంతా ఒక్కో దుంపా పళ్ళతో తెంపి,
మట్టి దులిపి, పీచు కొరికేసి
పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో
పేర్చిపెట్టుకున్న తెల్లటి దుంపలు.
మా వంటింట్లో ఏనాడూ అంత పొందిక లేదు.

సగానికి చెయ్యి ఆపేసింది అమ్మమ్మ.
సంచిలోంచి ఎండు సాల్మన్ ముక్క తీసి
ఖాళీ చేసిన చోట పెట్టి
నాచు కప్పి అరచేత్తో తట్టింది.
"ఎలుకకీ ఫిబ్రవరి వస్తుంది" అంది.

ఆ రాత్రి దుంపల పులుసు, పైన సీల్ నూనె.
మొదటి గిన్నె మాది కాదు.
కాలూ చెయ్యీ పడిపోయిన ఇవాన్ తాతకొకటి,
మొగుడు పడవతో సహా తిరిగిరాని నస్తాసియాకొకటి,
కొత్తగా వచ్చిన బడిపంతులుకొకటి,
పాపం, ఆయనకి అదేమిటో కూడా తెలీదు.
గిన్నెలు మోసి మోసి నేనొచ్చేసరికి
అడుగున గరిటెడు మిగిలింది.
అది నాకు ఒంపి తను టీ తాగింది.

తర్వాత ఒక చెడ్డ ఏడు.
జనవరిలో వాన పడి, గడ్డకట్టి
నేలకి గాజు మూత బిగిసింది.
ఎలుకలు కిందే చచ్చాయన్నారు.
వేసవిలో ఏటికి చేప రాలేదు.
వల వెయ్యొద్దని కొట్టు తలుపుకి కాగితం అంటించారు.
మా పొగగుడిసెలో ఆరు దండేల్లో అయిదు ఖాళీ.

ఆ సెప్టెంబరులో మధ్యాహ్నందాకా నడిస్తే
ఒక్క గాదె దొరికింది.
గుప్పెడు దుంపలు, కొన్నిటికి మట్టైనా దులపలేదు,
ఒక్కతే, తొందర తొందరగా దాచుకున్నట్టు.
అమ్మమ్మ ఒక్కటీ తియ్యలేదు.
చేప ముక్క మాత్రం పెట్టింది.

నాకు పన్నెండేళ్ళు. కడుపు ఎప్పుడూ సగమే.
"తీసుకోనప్పుడు ఇవ్వడమెందుకు?" అని అరిచాను.
మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తూ
"నిరుడు తిన్నావుగా" అంది.
ఇంటిదాకా ఆ ఒక్కమాటే.

నేను ఇల్లు చేరలేదు వెంటనే.
బూటులో నీళ్ళు దిగాయని వెనకబడి,
వెనక్కి పరిగెత్తి,
నాచు ఎత్తి ఆ ముక్క తీసుకుని తినేశాను.
పొగ రుచి, మట్టి రుచి.
మూత సరిగ్గా వేశానో లేదో కూడా గుర్తులేదు.

అమ్మమ్మ పోయిన ఏడే నాకు కూతురు పుట్టింది.
మాలో పేరు మట్టిలో కలిసిపోదు,
కొత్త ఒంట్లోకొచ్చి కూచుంటుంది.
అందుకే నా బిడ్డని అమ్మమ్మా అనే పిలుస్తాను,
ముక్కు తుడుస్తూ కూడా.

నిన్న తనని టండ్రా మీదికి తీసుకెళ్ళాను. నాలుగేళ్ళు.
నేనింకా పాదాలతో తడుముకుంటున్నాను,
అది ఉన్నట్టుండి ఆగింది.
అరవలేదు.

నాచు ఎత్తితే నిండు గాదె.
సగం తీశాను. రెండు చేప ముక్కలు పెట్టాను,
ఏటేటా పెట్టినట్టే,
ఒకటి ఈ ఏటిది, ఒకటి పాతబాకీ.
కప్పబోతుంటే "ఆగు" అంది.
చేతిలో బిస్కెట్టుని చూసుకుంది,
ఇంకోసారి కొరుక్కుంది,
మిగిలింది లోపల పెట్టింది.

తర్వాత నా మొహంకేసి చూసింది, చాలాసేపు.
ఆ చూపు నేనెరుగుదును.

బురదలో మోకాళ్ళ మీద అక్కడే చెప్పేశాను,
"ఆ ముక్క నేనే తిన్నాను, అమ్మమ్మా."

అది ముక్కు ఎగబీల్చి,
ఎత్తుకోమని రెండు చేతులూ చాపింది.