వినపడతాందా?

శనివారం రాత్రి తొమ్మిదింటికి పెట్టినాను.
ఎనిమిదికైతే పక్క యూనిట్లో బండల పాలిష్ ఆగదు,
పదికైతే మద్దిలేటి సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టు ఎక్కాల.
తొమ్మిదంటే పోలండ్‌లో ఉండే ఆయనకు
ఇంకా పొద్దు గూకలేదంట.
ఇన్ని గడియారాలను ఒక్క గోడకు తగిలించేదానికి
నాకు పదకొండు రోజులు పట్టింది.

పేర్లిచ్చినోళ్ళు అరవైమూడు మంది.
ఊరకనే అంటే పేరు రాసేదానికేముంది.
సగం మంది మరిచిపోతారు, మిగిలిన సగంలో సగానికి
డేటా అయిపోయింటాది.
పదిహేను మంది వస్తే పండగ అనుకున్నా.

తాడిపత్రి. మా జిరాక్సు అంగడి వెనకగది.
ఇన్వర్టరు మీద కాగితం అంటించినా:
"పదిన్నర దాకా ఫ్రిజ్జు వేయొద్దు."
మా అత్త కండ్లద్దాలు పెట్టుకోని చదివింది.
"ఏం సభ మే ఇది? కుర్చీ లేదు, జంపఖానా లేదు,
టీ ఎంతమందికి పెట్టాల?"
ఒక్కరికే అన్నా.

తొమ్మిది.
తెర మీద నా మొగమే, దాని వెనక లామినేషన్ మిషను.
తొమ్మిదీ మూడు.
పేరు లేని ఫోనొకటి తలుపు తట్టింది,
తీసేలోపల పోయింది.
వినపడతాందా?
వినపడతాందా?
ఖాళీ గదిలో అడిగే మాట
ఎంత పెద్దగా వస్తాదో.

తర్వాత వచ్చినారు, బస్సుకు పరిగెత్తినోళ్ళ మాదిరి.
గుత్తి నుంచి ఇద్దరు,
ఉరవకొండ నుంచి ఒక పంతులమ్మ, ఆమె ఒళ్ళో బిడ్డ.
మీరు యాడినుంచి అంటే ఒకడు "యాడికి" అని కొట్టినాడు.
విశాఖపట్నం అమ్మాయి పాపం,
"ఎక్కడికీ కాదండీ, ఇక్కడికే, ఈ మీటింగుకే" అనింది.
అది ఊరి పేరమ్మా అని చెప్పేసరికి
పోలండాయన కూడా నవ్వినాడు, ఏమర్థమైందో.

కుళ్ళాయప్ప వాటర్ ట్యాంకు మెట్ల మీద కూర్చున్నాడు,
ఆడైతేనే సిగ్నలు.
మైకులో గాలి ఈలేస్తాంది.
మ్యూట్ చేసుకో నాయనా అంటే
కెమెరా ఆపినాడు. గాలి అట్లే ఉండాది.

పాఠం చిన్నదే.
తెలుగు తప్పులు దిద్దే నిఘంటువు, అందరిదీ, ఎవరైనా చెయ్యి పెట్టొచ్చు.
ఆయనది ఇంగ్లీషులో ఒక వాక్యం, వెనకాల నాది తెలుగులో ఒకటి.
తప్పు కనపడితే తిట్టొద్దంట. మార్చి పంపాలంట.
ఎందుకు మార్చినావో ఒక్క ముక్క రాయాలంట.
కాదంటే అలగొద్దంట, మళ్ళా పంపాలంట.

"మన ఉగ్గాని కింద ఎర్రగీత ఎందుకు పడతాందక్కా?"
పామిడి హుసేన్‌బీ, పాలిటెక్నిక్ రెండో ఏడు.
"ఇడ్లీకి పడలేదు, ఉప్మాకు పడలేదు,
దీనికే పడింది."
మంచి ప్రశ్న, చెప్తా ఉండు
అనేలోపల
కరెంటు పోయింది.

ఇన్వర్టరు కుయ్యోమని ఒక్కసారి అని చచ్చింది.
ఫ్రిజ్జు. అత్త. ఏమనాల?
చీకట్లో ఫోను కోసం తడుముకున్నా.
హాట్‌స్పాటు, పాస్‌వర్డు, తిరిగే చక్రం, తిరిగే చక్రం.
ఇరవైరెండు మంది పాపం,
తలుపు తెరిచిపెట్టి ఇంటామె పారిపోయిన ఇంట్లో
కూర్చోనుంటారు.

పద్నాలుగు నిమిషాలకు మళ్ళా ఎక్కినా.
ఎవరూ లేచిపోలేదు.
నేను లేనని కూడా ఎవరూ చూసుకోలేదు.
పగ్గాలు హుసేన్‌బీ చేతికి పోయిండాయి,
ఆ యంత్రం ఎవరినడిగి ఇచ్చిందో.
ఈ మాట ఎందుకు చేర్చాలని పోలండాయన అడిగినాడంట,
ఆ పిల్ల తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో
బొరుగులు ఎంతసేపు నానాలో చెప్తాంది.
గట్టిగా పిండాలని చేత్తో చూపిస్తాంది.
పంతులమ్మ అక్షరాలు సరిచూస్తాంది.
కుళ్ళాయప్ప మైకులో గాలి.

నోరు తెరవబోయి
మ్యూట్ నొక్కుకున్నా.
కొంచెం రోషంగా కూడా ఉండాది, అబద్ధమెందుకు.

అత్త కొవ్వొత్తి పట్టుకోని వచ్చింది.
"అందరూ పోయినారా మే?"
లేదత్తా. నేను పోయింటి. వాళ్ళుండారు.

ఆమెకు అర్థమైనట్టు లేదు.
ఫోను దగ్గరికి వంగి, కొవ్వొత్తి పక్కకు పట్టి,
ఒక్కొక్క చదరాన్నీ వేలితో ఎంచుతాంది,
టీకి.