చవక

మా ఊరు తెలుక్ ఇంతన్ అంటే
పోలీసాఫీసు గుమాస్తా పెన్ను ఆపి
"తెలుక్ అంటే తెలుగా అమ్మా?" అన్నాడు.
కాదు బాబూ,
సముద్రం నేలలోకి వంగి వచ్చిన చోటు.
ఫారంలో అంత జాగా లేదు.
సన్యాసమ్మ, మలేసియా, అరవై నాలుగు, ఒంటరి
అని రాసుకుని ముద్ర గుద్దాడు.
మళ్ళీ ఏడాది దాకా శ్రీకాకుళం నాది.

గుజరాతీపేటలో మేడ మీద రెండు గదులు, నాలుగున్నర వేలు.
నీళ్ళు పొద్దున ఓ గంట.
బీపీ మాత్రలు నెలకి డెబ్బై.
పన్ను పీకించుకుంటే నాలుగొందలు,
అక్కడైతే ఆ డబ్బుకి నోరు తెరవమని కూడా అనరు.
ఏడురోడ్ల కూడలికి ఆటో ఇరవై,
ఎవరి ఒళ్ళోనో సగం కూర్చుంటే పదిహేను.

ఆస్పత్రి లాండ్రీలో ముప్పైరెండేళ్ళు
దుప్పట్ల మీది నెత్తురు వదలగొట్టినందుకు
నెలకి తొమ్మిది వందల రింగిట్లు వస్తాయి.
ఇక్కడివాళ్ళు లేవగానే నాగావళి మీది మబ్బు చూస్తారు.
నేను ఫోన్లో రింగిట్ చూస్తాను.
ఇరవై దాటితే చందువా.
పంతొమ్మిదిన్నరైతే కవ్వలు.
ఇంకా దిగితే పప్పుచారు.

తాత ఈ జిల్లావాడేనట.
ఏ ఊరో చెప్పకుండానే రబ్బరు చెట్ల కింద పోయాడు.
ఊరి పేరుంటే కాగితం వచ్చేది,
కాగితముంటే ఈ ముద్రలుండేవి కావు.
నాకు మిగిలినవి ఆయన మాటలే.
అవి పట్టుకొస్తే
ఇంటిగలవాళ్ళ అమ్మాయి ప్రవల్లిక దిద్దుతుంది:
"బేగి కాదాంటీ, త్వరగా.
ఒగ్గీ కాదు, వదిలెయ్."
కాలేజీ పిల్ల. నా మంచికే.

కళ్ళేపల్లి నుంచి ఎర్నమ్మ చేపలు తెస్తుంది.
మొదటి నెలంతా నాకు దొరసాని ధర చెప్పింది.
ఓ రోజు విసుగొచ్చి,
నాలుగొందలా? ఒగ్గీ, అన్నాను.
తట్ట మీంచి తలెత్తింది.
"ఏ ఊరప్పా మీది?"
తెలుక్ ఇంతన్.
"అదెక్కడ, టెక్కలవతలా?"
ఇంకాస్త అవతల.
ధర రెండొందల నలభైకి దిగింది.

ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి
వచ్చెయ్యవే, ఇక్కడంతా చవక,
చేపలు చవక, మనుషులు చవక, అంటున్నాను.
అంటుండగానే
ఇపోలో మార్గ్రెట్ దొరసాని గొంతు వినబడింది.

ఆదివారాలు వాళ్ళ ఫ్లాటు తుడిచేదాన్ని.
మొగుడూ పెళ్ళాం పింఛను పట్టుకుని
ఏదో చలి ఊరి నుంచి దిగినవాళ్ళు.
మంచివాళ్ళే. నేను తుడుస్తుంటే ఫ్యానేసేవారు.
ఆవిడ బాల్కనీలో ఫోన్ పట్టుకుని
"చీప్, సో చీప్" అనేది.
ఆ గడగడ ఇంగ్లీషులో
ఆ ఒక్క ముక్కే నాకు తేటగా అందేది.
తడిగుడ్డ పిండుతూ అనుకునేదాన్ని:
ఏది చవక? అద్దెా, కూరలా, రంబుటాన్ పళ్ళా?
నేనే అని తెలియడానికి
ఇన్నేళ్ళూ, ఒక విమానమూ పట్టింది.

చెల్లెలు హలో, హలో అంటోంది.

ఎర్నమ్మ మూడింటికి లేస్తుంది.
వేలంలో కొన్నదాన్ని ఐసులో పెట్టుకుని
నా మేడకి ఇరవై రెండు మెట్లు ఎక్కుతుంది.
మోకాలికి పట్టీ ఉంటుంది.
ఆ పట్టీ ఖరీదు నా చందువా ధరలో ఎక్కడా లేదు.
నేను తగ్గించిన నూట అరవైలో ఉందేమో.

మర్నాడు పది ఎక్కువ చెప్పింది. ఇచ్చేశాను.
పై వారం ముప్పై. ఇచ్చాను.
నిన్న డెబ్బై ఎక్కువ చెప్పి
నా మొహంకేసే చూస్తూ నిలబడింది,
ఎక్కడ ఆగుతానో చూద్దామని.
రింగిట్ పంతొమ్మిది మీద ఉంది.

ఒగ్గీ, అన్నాను.

"అదీ!" అంది ఎర్నమ్మ,
మోకాలు పట్టుకుని మెట్టు మీద కూలబడుతూ,
"ఇప్పుడు సెప్పప్పా బేరం."