ఏటి పాటది?

గురువారం రాత్రి తొమ్మిదింటికి
సూర్రావు సైకిల్ షాపు షట్టరు సగం దించుతాడు.
మిగిలిన సగంలోంచి వంగి లోపలికి రావాలి మేం.
నమస్కారం పెట్టకుండా ఈ బేండులోకి
ఎవుడూ రాలేడంటుంది ఏస్తేరు.

బేండే గానీ పేరు లేదు.
ఒకసారి పెట్టబోయి గంటన్నర పోట్లాడుకున్నాం.
ఆ వారం వాయించిన వాటిల్లో
ఆ పోట్లాటే బావుంది.

తవిటినాయుడిది పెళ్ళిబేండు క్లారినెట్టు.
ఇరవై రెండేళ్ళు ఊరేగింపుల ముందు నడుస్తూ ఊదాడు,
కూర్చుని ఊదడం ఇక్కడికొచ్చాకే.
ఇప్పటికీ కాళ్ళాగవు.
స్టూలు మీద నుంచే
మూడు లాంతర్ల దాకా వెళ్ళొస్తాయి.

ఏస్తేరు కీబోర్డులో ఒక 'మ' పలకదు.
చర్చివాళ్ళు కొత్తది కొనుక్కుని ఇచ్చేసినది.
పలకని చోట తనే నోటితో అంటుంది.
ఒక్కోసారి అనదు, తలూపుతుంది.
మాకు వినబడుతుంది.

నా వీణ గొల్లపల్లిది, అమ్మకానికి పనికిరానిది.
పనసచెక్క ఆరకముందే తొలిచేశారు,
కుండ మీద వెంట్రుకంత చీలిక.
"వానొస్తే దీని గొంతు మారిపోతాది,
ఎవుడు కొంటాడు, నువ్వే అట్టిపెట్టుకో"
అన్నాడు దాన్ని చేసిన మా చినమావ.
వాన పడిన గురువారాలు అందరూ నావైపు చూస్తారు,
ఇయ్యాల ఏ గొంతుతో వచ్చావని.

ఎవరు మొదలెడతారో తెలీదు.
ఒకరోజు సూర్రావు ట్యూబుని బేసిన్లో ముంచి
పంక్చరు వెతుకుతున్నాడు.
బుడ్. బుడ్‌బుడ్. బుడ్.
దాలయ్య తప్పెట అప్పటికే గుండెకి కట్టుకునున్నాడు,
ఆ బుడగల వెనకాల వేలు పెట్టాడు.
అంతే, పదకొండున్నర దాకా ఇళ్ళు గుర్తు రాలేదు.
ట్యూబు తాలూకు కుర్రాడు షట్టరవతల నిలబడి
"నా సైకిలో" అన్నాడు రెండుసార్లు.
మూడోసారికి అదీ తాళంలోనే పడింది.

పది నలభైకి రాయపూర్ లైను గూడ్సు కూతేస్తుంది.
దానికి మేం శ్రుతి చేసుకోం, అదీ మాకు చేసుకోదు.
వంతెన మీద ఎదురైన దూరపు చుట్టాల్లా
ఎక్కడో కలిసి, విడిపోతాం.

తవిటినాయుడు ఏమరుపాటున పెళ్ళిపాటలోకి జారితే
"పెళ్ళికూతురేదిరా?" అంటాడు దాలయ్య.

నవరాత్రి పందిరి వాళ్ళు పిలిచారొకసారి.
ఏయే పాటలొచ్చు?
ఒక్కటీ రాదు.
మరేటి వాయిస్తారు?
వాయించాక గానీ తెలీదు.
టీ ఇప్పించి పంపించేశారు.
అల్లం బాగా దంచిన టీ.

ఆషాఢంలో
మిల్లు బెల్టు కింద దాలయ్య కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.
ఆరు గురువారాలు రాలేదు.
మేం వాయించాం.
వాయిస్తూ, అతని దెబ్బ పడాల్సిన చోట
ఒకరికొకరం చెప్పుకోకుండానే ఆగేవాళ్ళం.
నడవలో నిద్రపోతున్న పిల్లాణ్ణి దాటినట్టు
ఆ ఖాళీని దాటేవాళ్ళం.

ఏడో గురువారం షట్టరు కింద నుంచి
ముందు తప్పెట వచ్చింది, తర్వాత కట్టు,
తర్వాత దాలయ్య.
ఎవరం ఏమీ అనలేదు. సూర్రావు స్టూలు జరిపాడు.
క్లారినెట్టు ఎత్తుకుంది. ఆ ఖాళీ వచ్చింది.
దాలయ్య చెయ్యెత్తాడు.
ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి విన్నాడు.
"ఎవుడిదిది, ఈ సందు?"
"నీదే" అంది ఏస్తేరు.
"నాను నేకపోతే ఇంత బాగుంటాదేటి!"
నవ్వాడు, మాకు నవ్వు రాలేదు.
ఆ సందుని అలాగే ఒగ్గేసి
దాని పక్కన ఎడంచేత్తో వేశాడు.
తప్పు పడింది.
ఆ తప్పు వెంటే తవిటినాయుడు వెళ్ళాడు,
వాళ్ళ వెనక మేం.

ఆ కుర్రాడిప్పుడు ప్రతి గురువారం
పంక్చరు లేని సైకిలు తోసుకొచ్చి
బేసిన్ దగ్గర కూర్చుంటున్నాడు.
"ఏటి పాటది?" అనడిగాడు మొన్న.
మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.
సూర్రావు బేసిన్ వాడి చేతికిచ్చి
మంచినీళ్ళు పట్టుకురమ్మన్నాడు.