కణుపు కన్ను

ఎర్ర బల్బు ఒక్కటే.
స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టి మేకులు కొట్టాను.
కింద రేవులో ఓడ ఒకటి బొంగురుగా కూసింది.
వాల్‌పరైసోలో పొగమంచు ఇలాగే
అడక్కుండా మెట్లెక్కి వస్తుంది.

ఎమల్షన్ సీసాని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాను.
ఎముకల్లోంచి తీసిన జిగురు, అందులో వెండి.
గోరువెచ్చన చాలు, మించితే పాడు.
లెంగా చెక్క ఏడు పొరలు, నేనే అతికించి వంచింది,
అడుగున రెండు పూతలు వార్నిష్.
అది లేకపోతే బొమ్మ నీళ్లలో ఉల్లిపొరలా లేచిపోతుంది.
ఎనిమిది బోర్డులు తగలేసి నేర్చుకున్న సంగతి.
వెడల్పు కుంచెతో నిలువుగా, అడ్డంగా,
చీకట్లో గోడకి సున్నం వేసినట్టు.

నెగటివ్ ఓర్తెన్సియా గారిది.
రొట్టెల సంచిలో, మైనపు కాగితం మడతలో తెచ్చింది.
తమ్ముడు లిసాండ్రో. పద్నాలుగేళ్లు.
చంకలో బేరింగుల బండి:
చేపలపెట్టె చెక్క, నాలుగు ఇనప చక్రాలు, ఓ తాడు.
"ఈ వీధే. పైనుంచి రేవు దాకా.
చెప్పులే బ్రేకులు.
నెలకో జత చెప్పులు, నెలకో జత చెంపదెబ్బలు."
తర్వాతేమయ్యాడో నేను అడగలేదు.
ఆవిడ సంచి మడత పెట్టుకుంది.

"గోడకి తగిలించుకుంటారా?" అన్నాను.
"వాడు ఏ రోజు గోడకి ఆనుకున్నాడు గనక!"

పద్దెనిమిది సెకన్ల వెలుగు.
బోర్డు ఏ ట్రేలోనూ పట్టదు.
స్పాంజి డెవలపర్‌లో ముంచి తుడుస్తూ పోవాలి
జ్వరమొచ్చిన పిల్లాడికి ఒళ్లు తుడిచినట్టు.
ముందు తాడు వచ్చింది. తర్వాత మోకాళ్లు.
మొహం ఆలస్యంగా, విసుగ్గా.
హైపోలో తెలుపంతా కరిగి
చెక్క రంగు బయటపడ్డాక చూశాను:
ఎడమ కన్ను ఉండాల్సిన చోట కణుపు.

మళ్లీ చేస్తానండీ, చెక్క చూసుకోలేదు అన్నాను.
ఆవిడ కళ్లద్దాలు పైకెత్తి
వేలితో ఆ కణుపు తడిమి
చాలాసేపు నవ్వింది.
"కన్ను కొడుతున్నాడు. నాక్కాదు,
నా వెనక నించున్న ఎవరో పిల్లకి."

బోర్డు యనారాకి ఇచ్చాం, మూడిళ్ల పైన ఉంటుంది.
డబ్బులొద్దు, విరిగాక తెచ్చిమ్మంది ఆవిడ.

నాలుగు నెలలకి ట్రక్కు వదులైందని తెచ్చింది ఆ పిల్ల.
తిరగేసి చూశాను.
ఇనప కమ్మీల మీద జారీ జారీ
బండి అరిగిపోయింది, చెయ్యి సగం పోయింది,
మొహం ఉందంటే ఉంది, లేదంటే లేదు.
కణుపు మాత్రం అలాగే ఉంది.
చెక్కలో గట్టిది అదే కదా.

సాయంత్రం ఓర్తెన్సియా గారి కిటికీ కింద
యనారా దూసుకుపోయింది.
ఆవిడ తల బయటపెట్టి నా మీద కేకేసింది:
"ఈ చక్రాలేమిటమ్మాయ్, మెత్తగా!
వస్తున్నట్టే తెలీదు.
ఇనపవి పెట్టరాదూ?"