ఒక పొడుగు, రెండు పొట్టి

వంటగది బల్ల మీద పాత పేపరు పరిచి
నా కంప్యూటర్ని పక్కకు పడుకోబెట్టాడు దొనాతస్,
చేప పొట్ట చీల్చబోయే వాడి కుదురుతో.
క్లైపెడాలో ఫిబ్రవరి.
కిటికీ బయట రేవు క్రేన్లు
నడుము దాకా పొగమంచులో మునిగి ఉన్నాయి.

"షాపులో ఇద్దాం" అన్నాను.
"షాపువాడు పుట్టకముందే
నేను ట్రాన్స్‌మీటర్లు విప్పాను" అన్నాడు.
నిజమే.
ఇరవై రెండేళ్లు చేపల ఓడల్లో రేడియో మనిషి.
అట్లాంటిక్ మొత్తాన్నీ చెవిలో పెట్టుకు తిరిగినవాడు.
ఇప్పుడు నేను పిలిస్తే
రెండోసారికి గానీ పలకడు.

స్విచ్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది.
తెర మాత్రం నల్లగానే ఉంది.
లోపలెక్కడో చిక్కుడుగింజంత స్పీకరు కూసింది:
ఒక పొడుగు, రెండు పొట్టి.
కాసేపాగి మళ్లీ
ఒక పొడుగు, రెండు పొట్టి.

గ్రాఫిక్స్ కార్డు కనబడట్లేదని దానర్థమట, పుస్తకంలో ఉంది.
ఆయన పుస్తకం తియ్యలేదు.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
"డి" అన్నాడు.
"మోర్స్‌లో అది డి. నన్నే పిలుస్తోంది."
"దంగ్వోలె కూడా డి తోనే మొదలవుతుంది,
పైగా కంప్యూటరు నాది" అన్నాను.
నవ్వాడు. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

కార్డు పీకి, దాని బంగారు పళ్లు రబ్బరుతో తోమి, మళ్లీ గుచ్చాడు.
ర్యాములు అటుదిటు, ఇటుదటు మార్చాడు.
బిళ్ల బ్యాటరీ తీసి, ఊదాడెందుకో, తిరిగి పెట్టాడు.
పైవాటా యోలాంతా కొడుకు దగ్గర
పవర్ సప్లై అరువు తెచ్చాడు.
ఒక పొడుగు, రెండు పొట్టి.
బీట్‌రూట్ సూప్ నేను మూడోసారి వేడిచేశాను.
ఒక పొడుగు, రెండు పొట్టి.

కార్డుని పట్టుకున్న కొక్కెం ఈసారి ఊడిరాలేదు.
స్క్రూడ్రైవర్ మొనతో ఎత్తబోయాడు.
జారింది.

పెద్ద చప్పుడేం కాదు,
పళ్లెం మీద గోరు గీసినట్టు.
ఆకుపచ్చ పలక మీద వెంట్రుకంత రాగి దారులు
నాలుగో అయిదో
తెగి మెరుస్తున్నాయి.

స్విచ్ నొక్కాడు. ఫ్యాను ఒక్కసారి ఉలికిపడి ఆగిపోయింది.
ఇంక కూత లేదు.
"నాకేం కాలేదు" అన్నాడు, నేనడగకుండానే.
కుడిచెయ్యి బల్ల కిందికి దాచుకున్నాడు.
నిమిషానికి పాతిక మాటలు పంపిన చెయ్యి.
దాని వణుకు ఈ చలికాలం మొదలైంది,
ఇద్దరం దాని ఊసెత్తం.

షాపులో ఇద్దామన్నానా లేదా,
నోటిదాకా వచ్చింది.
సరిగ్గా అప్పుడే గోడ గడియారం పది నలభై అయిదు చూపించింది.
పాత ఓడని ముక్కలు చేస్తుంటే అడిగి తెచ్చుకున్న గడియారం.
దాని ముఖం మీద ఎర్ర చీలికలుంటాయి.
ముల్లు ఆ ఎరుపులో ఉన్నంతసేపూ
సముద్రంలో ఓడలన్నీ నోళ్లు కట్టుకుని
చెవులొగ్గి వినేవట,
మునిగేవాళ్లెవరైనా సన్నగా పిలుస్తారేమోనని.
మూడు నిమిషాలు.

ముల్లు ఎరుపులోకి వెళ్లింది.
నేను నోరు మూసుకున్నాను.

పొద్దున్నే షాపులో కాస్పరస్ అనే కుర్రాడు
దీపం దగ్గరికి లాక్కుని చూశాడు.
డిస్కు బాగుంది, నా ఫోటోలు బాగున్నాయి,
ప్రాసెసరు బాగుంది, ర్యాము బాగుంది.
అన్నిటినీ కలిపి మాట్లాడించేదే పోయింది.
ఆ గీత కేసి చూశాడు.
కోటు జేబులో దాగిన చెయ్యి కేసి చూశాడు.
"ఇది ఎప్పుడో పోవాల్సిన బోర్డు, తాతా.
కెపాసిటర్లు ఉబ్బిపోయాయి" అన్నాడు.
ఉబ్బాయో లేదో నేను వంగి చూడలేదు.

ఆ రాత్రి సూప్ చల్లారుతోంది.
ఆయన ముందుగదిలో కిటికీ దగ్గర.
పేరు పెట్టి పిలవబోయి, ఆగి,
గిన్నె అంచు మీద గరిటెని ఒకసారి బారుగా ఈడ్చి
రెండుసార్లు తట్టాను.

మొదటిసారికే పలికాడు.