నాలుగో లైను మలుపు

ఆరున్నరకి సలోమి విజిల్ ఊదుతుందట.
నేనెప్పుడూ వినలేదు.
మిర్చి యార్డు వెనక కోల్డ్ స్టోరేజిలో
రాత్రంతా టిక్కీల లెక్క రాసి
తెల్లారగట్ల వచ్చి పడేవాడికి
విజిలైనా ఒకటే, కోడికూతైనా ఒకటే.

అందుకని నా చెత్తకి రాత్రే ముహూర్తం.
డ్యూటీకి పోతూ పోతూ
బ్రాడీపేట నాలుగో లైను మలుపులో
బండి ఆపకుండానే విసిరేవాణ్ణి.
నల్ల కవరు గాల్లో ఒక పల్టీ కొట్టి
కుప్ప మీద మెత్తగా కూచునేది.
ఆ చప్పుడు చెవిన పడేలోపే
నేను వంతెన ఎక్కేసేవాణ్ణి.

కుప్ప ఎవరిదని ఎవరూ అడగలేదు.
గోడకి వెంకన్నని అతికించారు, యేసుని అతికించారు,
మక్కాని అతికించారు.
ముగ్గురి కిందా
సొరకాయ చెక్కులు, డైపర్లు, పెళ్లి విస్తళ్లు
ఏ పక్షపాతమూ లేకుండా పడేవి.

మొన్న రాత్రి చూస్తే కుప్ప లేదు.
కడిగిన నేల.
నేల మీద పదిహేను చుక్కల ముగ్గు.
కుడివైపు ఒక మెలిక దగ్గర
గీత వణికి, సన్నబడి, మళ్లీ సర్దుకుంది.

మొదటిసారి అక్కడ బండి ఆపాను.
కవర్లోంచి మూడు రోజుల పప్పు వాసన.
తొక్కడానికి కాలు రాలేదు, విసరడానికి చెయ్యి రాలేదు.
కుక్కొకటి వచ్చి ముగ్గు చుట్టూ తిరిగి
ఇప్పుడేం చేద్దామన్నట్టు నావైపు చూసింది.

కరెంటు స్తంభం చాటున
మా పైవాటా ప్లీడరు వామరాజు గారు,
పంచె మడతలో ఏదో దాచుకుని.
"వాకింగండీ" అన్నారు.
"డ్యూటీకండీ" అన్నాను.
ఇద్దరం కాసేపు ముగ్గు చూశాం.

కవరు హ్యాండిలుకి తగిలించుకునే పనిలోకెళ్లాను.
తెల్లవార్లూ గేటు దగ్గర
అది నాకోసం కాసుకు కూచుంది.
తిరుగుదారిలో ఏ మలుపు చూసినా
ఎవరో ముగ్గేసినట్టే ఉంది.

నిద్రాపుకుని గుమ్మంలో నిలబడ్డాను.
విజిల్ వచ్చింది, పాలకుక్కరు కూతలా సన్నగా.
"తడీ పొడీ కలిపేశారే సార్" అంటూ
నా ముందే విప్పి వేరుచేసింది.
మందుబిళ్లల అట్టలు ఇటు, పాచన్నం అటు,
మిరప తొడిమలు అటు, పేస్టు గొట్టం ఇటు.
నా మూడు రోజులూ
నాకంటే వరసగా తెలిశాయి ఆమెకి.

అడుగున గడ్డం బ్లేడు.
దాన్ని మాత్రం పైకెత్తి, ఎండకేసి చూసి,
"ఇవి కాగితంలో చుట్టండి సార్" అంది.
అంతే అంది.

కుడిచేతి చూపుడువేలికి గుడ్డ కట్టి ఉంది.
గుడ్డ మీద ముగ్గుపిండి.