నోట్ల దీపం

వస్త్రలతలో మా కొట్టు గల్లాపెట్టె పక్కన
దొంగనోటు పట్టే ఊదారంగు చేతిదీపం ఒకటుంది.
ఆరు రోజులు దాని కింద ఐదొందల కాగితాలు.
ఆదివారం దాన్ని సంచిలో వేసుకుని
ఇస్లాంపేట ఖాజావలి పాతసామాన్ల దగ్గరికి పోతాను.

అతను గాజును కాటాలో తూస్తాడు.
సోడాబుడ్డీ, మందుసీసా, విక్టోరియా రాణి నాటి పూలకూజా,
అన్నిటికీ ఒకటే రేటు.
"చీరలు మడతపెట్టే చేతులమ్మా, కోసుకుంటాయి" అంటాడు.

నాకు చూపు నేర్పింది కళ్లజోళ్ల దేవసహాయం గారు.
గవర్నరుపేటలో మెట్ల కింద నాలుగడుగుల కొట్టు.
ముందు బోర్లించు, అనేవారు.
పైనంతా ముస్తాబే. అంచుకు కుచ్చిళ్లు,
మెడచుట్టూ పాకించిన గాజుతీగె.
నిజం అడుగున ఉంటుంది.
కడ్డీ నుంచి విరిచిన చోట బొడ్డులాంటి మచ్చ.
వేలు పెట్టు. గరుకు తగిలిందా,
ఎవడో ఒకడు ఊపిరి పోసి కన్నాడన్నమాట.
పక్కన నిలువు గీత ఉంటే అచ్చులో పోసింది.
అడుగు అరుగుదల చూడు:
నూరేళ్లు బల్ల మీద జరిపితే పడ్డ గీతలు ఎటుపడితే అటు పోతాయి,
నిన్న గరుకు కాగితంతో రుద్దినవి
బడిపిల్లల్లా వరసలో నిలబడతాయి.

అలా ఆరేళ్లలో పదకొండు.
అందులో ఒక ఎర్ర కూజా. బంగారం కరిగించి
ఆ ఎరుపు తెస్తారట.
పట్టుకెళ్లి చూపిస్తే, వెలుగుకెత్తి చాలాసేపు చూసి
"బాగుందమ్మా" అన్నారు,
తన కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

బుడమేరు వచ్చినప్పుడు
సింగ్ నగర్లో మా గోడగడియారం దాకా నీళ్లు.
తీశాక బురద.
బీరువా ఉబ్బి తలుపు రాలేదు.
కుట్టుమిషను మీద చేపపిల్ల ఎండిపోయి ఉంది.
కరెంటు లేదు. ఆ రాత్రి ఆ బురదలోకి
నోట్ల దీపం వేశాను.

మొదట వెలిగింది తేలు.
వంటింటి గడప మీద, తోకెత్తి,
అచ్చం నేను వెతికే రంగులో.
చీపురు తెచ్చేలోపు ఎటో పోయింది.
తర్వాత సబ్బుపొడి చారలు, మా చెల్లి యూనిఫాం జేబు.
ఆ తర్వాత మంచం కింద
మిణుగురుల్ని మింగినట్టు నా నిమ్మపచ్చ పూలగిన్నె.
ఒక కుచ్చు విరిగింది. పదిహేను ఉన్నాయి.
యురేనియం కలిపినవాడు పగటి రంగు కోసమే కలిపాడు.
ఇలాంటి దీపం వాడు చూసి ఉండడు,
ఇలాంటి ఇల్లు కూడా.

ఎర్ర కూజా తెల్లారి దొరికింది.
కడుగుతుంటే ఎరుపు పొరలు పొరలుగా
బొటనవేలికి అంటుకొచ్చింది.
లోపల మామూలు తెల్లగాజు.

ఆయనకి తెలుసు.
తెలిసే, నా మొహం చూసి ఊరుకున్నారు.
మొన్న వాళ్ల కొట్టుకెళ్లి ఏమనాలో తోచక
నా కళ్లజోడు మరలు బిగించమన్నాను.
వదులుగా ఏం లేవు. ఆయనా బిగించారు.

ఎర్రదాన్ని పారెయ్యలేదు, గరిటెలు పెడుతున్నాను.
విరిగిన కుచ్చు కోసం మాత్రం
ఇంకా కొన్ని రాత్రిళ్లు పెరట్లో దీపం వేస్తాను.
ఒక్కోసారి తేలు కనిపిస్తుంది.
కాసేపు ఒకరినొకరం చూసుకుని
ఎవరి వెతుకులాటలోకి వాళ్లం పోతాం.